ముఖం కనపడని రోబోతో 14 నెలలు

బడికి రాలేని మా పాప బదులు క్లాసులో ఏవీ1 అనే చిన్న రోబో పెడతామని స్కూల్‌వాళ్లు చెప్పినప్పుడు నేను మొదట అడిగింది, "అందులో మా అమ్మాయి ముఖం ఎక్కడ కనపడుతుంది?" అని. కనపడదట. పాప ఇంట్లో ట్యాబ్‌లో క్లాసంతా చూస్తుంది, వింటుంది, మాట్లాడుతుంది. అక్కడి పిల్లలకు మాత్రం బల్ల మీద తెల్లటి బొమ్మ ఒకటి, అంతే. ఇదేం బేరం అనుకున్నాను. చక్రాల మీద తిరుగుతూ తెర మీద ముఖం చూపించే డబుల్ అనే రోబో లాంటివి అప్పటికే వీడియోల్లో చూశాను. మాకేదో తక్కువ రకం అంటగడుతున్నారనిపించింది.

మేముండేది ఇంగ్లండ్‌లో. పాపకు పదేళ్లు, ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్. తెల్లకణాలు పడిపోయినప్పుడల్లా బడికి పంపడానికి లేదు. కీమో మొదలైన కొన్ని వారాలకే దిండు నిండా జుట్టు, స్టెరాయిడ్లకు ఉబ్బిన బుగ్గలు. తెనాలి నుంచి మా అమ్మ వీడియో కాల్ చేస్తే దుప్పటి ముసుగేసుకునేది. అమ్మమ్మకే ముఖం చూపించని పిల్ల ముప్ఫై మందికి చూపిస్తుందా? ఆ సంగతి నాకు తట్టలేదు. ఓస్లోలో దీన్ని తయారుచేసిన నో ఐసొలేషన్ కంపెనీ వాళ్లకు తట్టింది. (ఫొటో చూసి అమ్మ "దిష్టిబొమ్మలా ఉందేమిటే" అంది. తర్వాత రోజూ దాని యోగక్షేమాలు కూడా అడిగేది.)

మొదటి రోజు లెక్కల క్లాసు, దశాంశాలు. పాప మంచం మీద, నెత్తిన టోపీ కూడా లేదు, ఒళ్లో వాంతి గిన్నె. చెయ్యెత్తే బటన్ నొక్కగానే అక్కడ బొమ్మ తల మీద దీపం మిణుకుమిణుకుమంది. టీచర్ పేరు పెట్టి పిలిచింది. గిన్నె పక్కకు పెట్టకుండానే "0.75" అంది మా పిల్ల. తప్పట. పక్కమ్మాయికీ అదే వచ్చిందట. గొంతు తగ్గించుకునే సదుపాయం కూడా ఉండటంతో ఇద్దరూ గుసగుసగా టీచర్‌దే తప్పని తేల్చుకున్నారు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఓపిక లేని రోజు బొమ్మ తల నీలంగా వెలిగేలా పెట్టేది. వింటున్నాను, నన్ను అడగకండి అని దానర్థం.

ఆ రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని తెగ పొగిడాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతాను. దీనికి చక్రాలు లేవు. కూర్చున్నచోటే చుట్టూ తిరిగి చూస్తుంది. ఇంకో గదికి వెళ్లాలంటే ఎవరో ఒకరు ఎత్తుకెళ్లాలి. మొదటి టర్మ్‌లో పిల్లలు వంతుల కోసం కొట్టుకున్నారు. రెండో టర్మ్‌కి ఇద్దరే మిగిలారు. ఒక మంగళవారం క్లాసంతా హాల్‌కి వెళ్లిపోయింది, బొమ్మ బల్ల మీదే ఉండిపోయింది. పాప అరగంట సేపు ఖాళీ కుర్చీల్ని చూసింది. "హలో" అంటే పలికేవాళ్లు లేరు. నాకేమీ చెప్పలేదు. సాయంత్రం ట్యాబ్ ఛార్జింగ్‌కి పెట్టబోతుంటే "రేపు వద్దులే అమ్మా" అంది. బొమ్మ మీద తెర ఉండి, అందులో పాప ముఖం కనపడుతూ ఉంటే అలా వదిలేసి వెళ్లేవాళ్లు కాదేమో. స్కూల్‌కి రాస్తే సారీ చెప్పి, రోజుకొకరికి డ్యూటీ వేశారు. మళ్లీ జరగలేదని అనను, తగ్గింది.

కాబట్టి కొనొచ్చా అని అడిగితే గట్టిగా చెప్పలేను. మాకు స్కూలే ఇచ్చింది, సొంత డబ్బు పెట్టి ఉంటే ఏమనేదాన్నో. పక్క బెంచీలో మోసుకెళ్లే స్నేహితురాలు లేకపోతే దీనితో లాభం సగమే. కాలు విరిగి ఇంట్లో కూర్చుని, అందరికీ కట్టు చూపించాలని ఉబలాటపడే పిల్లలకైతే తెర ఉన్న రకమే అడగండి.

పాపకు జుట్టొచ్చింది, ఉంగరాలుగా. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు బడికి వెళ్తోంది, క్లినిక్ రోజు మాత్రం బొమ్మ. ఆ ఒక్క రోజుకీ మామూలు వీడియో కాల్ పెడతామని మొన్న టీచర్ అంటే వద్దంది. ఇప్పుడు నీ ముఖానికేమైందే అని అడిగాను.

"బొమ్మైతే తల దువ్వుకోనక్కర్లేదు" అంది.