ఆటోనగర్ ఇంజనా, సొంత ఇంజన్‌కు బోరా: ఇంట్లో దించుకునేవాళ్లకు ఏది మేలు?

పాత మారుతి 800 నీలి పొగ వదులుతూ పెట్రోలుతో పాటు ఆయిలూ తాగడం మొదలుపెడితే మూడు దారులున్నాయి. పాత బండ్ల విడిభాగాలు దొరికే విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి ఎక్కించడం ఒకటి. ఉన్న ఇంజన్‌నే విప్పి బోరు చేయించడం, అంటే అరిగిన సిలిండర్లను లోపల కాస్త వెడల్పుగా కోయించి పెద్ద పిస్టన్లు వేయడం రెండోది. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ దించి వాల్వులు, పిస్టన్ రింగులతో సరిపెట్టడం మూడోది. సెలవు రోజుల్లో ఇంటి ముందు పానాలు పట్టుకునేవాళ్లకు మొదటిదే తేలిగ్గా కనిపిస్తుంది. లోపం హెడ్ వరకే ఉంటేనో, బ్లాకు (సిలిండర్లుండే ఇనప దిమ్మ) పగిలితేనో, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) పాడైతేనో తప్ప మేం మాత్రం రెండోదే మేలంటాం.

ఏ దారైనా ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ నొక్కే ఒత్తిడి, చూడాలి. ఇంజన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ తీసేయండి. కాయిల్ వైరు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, ఒక్కో సిలిండరుకు గేజి పెట్టి ఐదారు సార్లు తిప్పండి. సిలిండర్ల మధ్య తేడా 15 పీఎస్ఐ దాటకూడదు. తక్కువ చూపించినదాంట్లో రెండు టీస్పూన్ల ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. ముల్లు పైకి లేస్తే రింగులో బోరో అరిగినట్టు. లేవకపోతే లోపం వాల్వులోనో, హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే ప్యాకింగులోనో ఉంది. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే ఆ రెంటి మధ్య ప్యాకింగు కాలిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

లోపం హెడ్‌లోనే అని తేలితే మూడో దారి చాలు, ఇంజన్ దించే పనే లేదు. హెడ్ అడుగున స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చండి. 0.05 మి.మీ. కన్నా ఎక్కువ సందుంటే ఫేసింగ్, అంటే ఆ అడుగు చదును చేయించాలి. మన ఎండల్లో రేడియేటర్ పూడుకుపోయి వేడెక్కిన బండ్లలో ఈ వంపు మామూలే. రేడియేటర్ బాగు చేయకుండా హెడ్ ఒక్కటే ఫేసింగ్ చేయిస్తే వచ్చే వేసవికి మళ్లీ ఇదే పని. బోరు పైఅంచున గోటికి మెట్టు తగిలితే మాత్రం కొత్త రింగులతో ఆపొద్దు. కొత్త రింగు ఆ మెట్టుకు కొట్టుకుని విరిగే ప్రమాదముంది.

ఇక సెకండ్ హ్యాండ్ ఇంజన్. ఇద్దరు మనుషులుంటే రెండు రోజుల పని, దీని లాభం అదే. చిక్కు కొనే దగ్గరే వస్తుంది. దుకాణంలో కింద పెట్టిన ఇంజన్‌ను స్టార్ట్ చేసి చూడలేం, ఆయిల్ ప్రెషర్ తెలియదు. డీజిలుతో కడిగి మెరిపించినదాని కన్నా జిడ్డుతో ఉన్నదే నయం, ఎక్కడ కారిందో కనిపిస్తుంది. ఆయిల్ మూత తిప్పి లోపల చూడండి. మజ్జిగ మీది వెన్నలా తెల్లటి జిడ్డుంటే నీళ్లు ఆయిల్‌లో కలిశాయి. డ్రెయిన్ బోల్టు విప్పి, వచ్చిన ఆయిల్ చుక్కలు అరచేతిలో పోసుకుని ఎండలో తిప్పండి. మెరిసే రజను కనిపిస్తే బేరింగులు పోయినట్టే. ప్లగ్గులు తీసి, క్రాంకు బోల్టుకు పానా వేసి రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే వదిలేయండి. ఫ్లైవీలును ముందుకూ వెనక్కూ లాగితే టకటకమని కదలకూడదు. మీ బండి ఎంపీఎఫ్ఐ (సెన్సర్ల సాయంతో పెట్రోలు చిమ్మే రకం) అయితే, చవగ్గా వస్తోందని కార్బురేటర్ ఇంజన్ తెచ్చుకోవద్దు. సెన్సర్లు, వైరింగు కలవవు.

ఇంజన్ నంబరు ముఖ్యం. అది గీకి ఉన్నా, మళ్లీ గుద్దినట్టున్నా, బిల్లు లేకపోయినా ఎంత చవకైనా వద్దు. ఇంజన్ మార్చిన 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలిపి ఆర్‌సీలో మార్పించుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. సొంత బ్లాకుకు బోరు చేయిస్తే నంబరు అదే ఉంటుంది కాబట్టి ఈ తిరుగుడే లేదు.

బోరులో కష్టమైన కొలతల పని లేత్ షాపుదే. దించడం, విప్పడం, బిగించడం మీది. మారుతి 800 బోరు 68.5 మి.మీ. అరుగుదలను బట్టి 0.25 లేదా 0.50 మి.మీ. ఓవర్‌సైజు (అంత పెద్దవైన) పిస్టన్లు వేస్తారు. ముందు పిస్టన్లు కొని షాపులో ఇవ్వండి, వాటిని కొలిచే బోరు కోయాలి. ముందే కోయించి తర్వాత పిస్టన్లు వెతికితే పిస్టనుకూ బోరుకూ మధ్య సందు కుదరదు.

ఇళ్లలో చేసే పని ఎక్కువగా చెడేది బ్లాకు ఇంటికొచ్చిన రోజునే. కోసిన బోరును రాళ్లతో రుద్దేటప్పుడు పడే హోనింగ్ గీతల్లో సన్నని రాపిడి పొడి ఇరుక్కుని ఉంటుంది, కిరోసిన్‌తో అది పోదు. వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి, బ్రష్షుతో రుద్ది, తెల్లటి పాత పంచె గుడ్డతో తుడవండి. గుడ్డకు బూడిద రంగు అంటుతున్నంతసేపూ మళ్లీ కడగాల్సిందే. ఆరగానే ఆయిల్ పూయండి, వానాకాలం గుంటూరు గాలికి కోసిన ఇనుము రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. ఈ కడుగుడు దాటేస్తే కొత్త రింగులు కొద్ది రోజుల్లోనే అరిగిపోయి, మళ్లీ అదే నీలి పొగ. రింగుల నోళ్లు (చీలిక ఉన్న చోట్లు) ఒకే వరుసలో పడకుండా ఎడంగా తిప్పి పెట్టండి. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ రెంచితోనే (బిగువు కొలిచే పానా) బిగించాలి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చేయండి.

దించేటప్పుడు చైన్ పుల్లీని ఫ్యాను హుక్కుకు తగిలించొద్దు. అది ఫ్యాను కోసమే వేసింది. గట్టి ఇనప పైపుల ముక్కాలి గానీ, అద్దెకు తెచ్చిన ఇంజన్ క్రేను గానీ వాడండి. బ్యాటరీ నెగటివ్ తీయడంతో మొదలుపెట్టి, విప్పిన ప్రతి వైరుకూ గొట్టానికీ టేపు చుట్టి నంబరు రాయండి. డ్రైవ్ షాఫ్టులు లాగితే గేర్ ఆయిల్ కారుతుంది, ముందే పళ్లెం పెట్టండి.

ఏ ఇంజన్ ఎక్కించినా, అది బయట ఉన్నప్పుడే క్రాంకు వెనకాల ఆయిల్ సీలు మార్చండి, క్లచ్ ప్లేటు చూడండి. సీలు చిన్నదే, కానీ తర్వాత కారితే గేరుబాక్సు విడదీయాలి.