కార్డ్‌లెస్ ల్యాండ్‌లైన్: కర్నూలు ఇళ్లకు ఏది పనికొస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ల్యాండ్‌లైన్ ఇంకా అవసరమే. 08518తో మొదలయ్యే పాత నంబరు బంధువులందరికీ నోటికి వచ్చి ఉంటుంది. రాగి తీగ పోయి ఫైబర్ వచ్చాక కూడా ఆ నంబరును అలాగే ఉంచుకోవచ్చు. మంచం మీదున్న జేజి హాల్లోకి నడిచి రాకుండా పక్కనే ఫోన్ ఉండాలంటే కార్డ్‌లెస్సే దారి. ఈ రివ్యూ పానసోనిక్ కేఎక్స్-టీజీ3811ఎస్‌ఎక్స్ గురించీ, ఆ తరగతి ఫోన్ల గురించీ. అంటే ఒక బేస్, ఒక హ్యాండ్‌సెట్, 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ సిగ్నల్, కాలర్ ఐడీ, స్పీకర్ ఉన్నవి. బీటెల్‌లోనూ ఇలాంటి మోడళ్లున్నాయి. కింద చెప్పే వాటిలో చాలా భాగం వాటికీ వర్తిస్తుంది.

ముందే చెప్పేస్తే, ఫోన్ మంచిది. మాట స్పష్టంగా వస్తుంది, మీటలు వేలికి తెలుస్తాయి, ఫోన్‌బుక్‌లో 50 నంబర్లు పడతాయి. పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోవాలి, తెలుగు రాదు. చదవలేని పెద్దవాళ్లకు అది లోటే. అలాంటి ఇంట్లో స్పీడ్ డయల్ పెట్టి, ఏ మీట ఎవరిదో కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించడం మేలు. "ఫోన్ బాగాలేదు" అని వాపసు తెచ్చే కేసుల్లో తప్పు ఎక్కువగా బేస్ పెట్టిన చోటులోనో, సెల్లుల్లోనో, కరెంటు ఏర్పాటులోనో ఉంటుంది.

పెట్టెలో బేస్, హ్యాండ్‌సెట్, అడాప్టర్, లైన్ వైరు, రెండు సన్న రీచార్జి సెల్లులు ఉంటాయి. మొదట సెల్లులు వేయండి. సెల్లు మైనస్ కొసను ముందు స్ప్రింగుకు ఆనించి, తర్వాత ప్లస్ కొసను కిందికి నొక్కాలి. తిరగేసి ప్లస్‌ను ముందు దూరిస్తే స్ప్రింగు వంగిపోతుంది. ఆపైన ఫోన్ ఒకసారి చార్జి అయి, మరోసారి అవ్వకుండా వేధిస్తుంది. అడాప్టర్ పిన్నును బేస్ వెనక గట్టిగా నొక్కి, వైరును అడుగునున్న కొక్కానికి తగిలించండి. ఇల్లు ఊడ్చేటప్పుడు వైరు లాగినా పిన్ను ఊడదు. హ్యాండ్‌సెట్‌ను బేస్ మీద పెట్టి మొదటిసారి ఏడు గంటల పాటు కదపకండి. పది నిమిషాలకే తెర మీద సెల్లు గుర్తు నిండుగా కనపడొచ్చు, దాన్ని నమ్మొద్దు. కొత్త సెల్లు ఎంత నిండిందో ఫోన్‌కు ఇంకా అంచనా ఉండదు.

ఇక లైన్ వైరు. ఫైబర్ మోడెం వెనక ఫోన్ అనో, టెల్ అనో, పాట్స్ అనో రాసిన చిన్న రంధ్రం ఉంటుంది. అది ఆర్‌జే11. దాని పక్కనే ఇంటర్నెట్ కేబుల్‌కు నాలుగు పెద్ద రంధ్రాలుంటాయి. ఫోన్ పిన్ను చిన్నది కాబట్టి ఆ పెద్ద రంధ్రంలోనూ సులువుగా దూరిపోతుంది, క్లిక్కుమని శబ్దం కూడా వస్తుంది. కానీ డయల్ టోన్ రాదు, లోపలి కొస తీగలు వంగే ప్రమాదమూ ఉంది. కొత్త ఫోన్‌లో టోన్ రాలేదంటే మొదట చూడాల్సింది ఇదే. పిన్ను సరైన చోటే ఉన్నా టోన్ లేకపోతే మోడెం మీద ఫోన్ లైటు వెలుగుతోందా చూడండి. లైటు లేదంటే మీ నంబరు మోడెంలోకి ఎక్కలేదని అర్థం. అది ఫోన్ మార్చినా బాగుపడదు, లైన్ ఇచ్చిన వాళ్లే సరిచేయాలి. తేల్చుకోవడానికి పక్కింటి మామూలు వైరు ఫోన్ ఒకటి తెచ్చి తగిలించి చూస్తే చాలు.

పాత ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. రాగి తీగ కాలంలో హాలుకు ఒకటి, పడకగదికి ఒకటి, మిద్దె పైన ఒకటి చొప్పున రోజెట్ బాక్సులు, అంటే ఫోన్ వైరు తగిలించే గోడ పెట్టెలు, వేయించి ఉంటారు. మోడెం నుంచి ఒక వైరు తీసి వాటిలో ఒకదానికి ఇస్తే అన్ని గదుల్లోనూ టోన్ వస్తుందన్నది నిజమే. అయితే బయటి స్తంభం నుంచి వచ్చే పాత రాగి జతను ముందు విడదీయాలి. ఆ తీగలో ఎక్స్ఛేంజి నుంచి వచ్చే 48 వోల్టుల డీసీ ఇంకా బతికే ఉండొచ్చు. అది మోడెం ఫోన్ పోర్టులోకి ఎదురొస్తే పోర్టు పోతుంది. గోడ బయట లైన్ లోపలికి వచ్చే చోటే రెండు తీగలూ విప్పి, విడివిడిగా టేపు చుట్టాకే లోపలి వైరింగు వాడుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, బేస్ ఎక్కడ పెట్టాలి. మోడెం పక్కన పెట్టడమే అందరూ చేసే పని, ఎందుకంటే వైరు పొట్టిది. కానీ ఈ ఫోనూ, వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే (బ్యాండ్‌లోనే) నడుస్తాయి. ఫోన్ సిగ్నల్ ఒక చోట నిలవకుండా ఆ పట్టీలోనే గెంతుతూ పోతుంది కాబట్టి పూర్తిగా తెగిపోదు. అయినా రెండింటినీ ఒకే పలక మీద జానెడు దూరంలో పెడితే మాట మధ్యలో చిటపటలు, ఇంట్లో ఎవరైనా వీడియో చూస్తుంటే అక్షరాలు మింగినట్టు వినపడటం మామూలే. ఐదు మీటర్ల ఫోన్ వైరు కొని బేస్‌ను మోడెం నుంచి కనీసం రెండు మీటర్లు జరపండి. మోడెంలో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే సెల్‌ఫోన్లనూ టీవీనీ దాని మీదికి మార్చేయండి. ఈ రెండూ చేస్తే మాట తేడా మొదటి కాల్‌లోనే తెలుస్తుంది. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే దాని పక్క గోడకు కూడా బేస్ వద్దు. అది తిరిగినంతసేపూ ఇదే పట్టీలో రొద పుట్టిస్తుంది.

పెట్టె మీద రాసే దూరం అడ్డం లేని మైదానంలో కొలిచింది. కర్నూలు పాతబస్తీలో మూరెడు మందం రాతి గోడల ఇల్లయితే రెండు గోడలు దాటేసరికి సిగ్నల్ గీతలు పడిపోతాయి. కొత్త కాలనీల్లో ఇటుక గోడలు అంతగా అడ్డం కావు. అక్కడ అసలు అడ్డం ఇనుప చువ్వలున్న శ్లాబు, ఇనుప బీరువా, నీళ్ల డ్రమ్ము. బేస్‌ను బీరువా వెనకో, టీవీ వెనకో దాచకండి. ఛాతీ ఎత్తులో, ఇంటి నడిమధ్య, మెట్లకు దగ్గరగా పెడితే మిద్దె పైన కూడా పనిచేస్తుంది, ఎందుకంటే మెట్ల దగ్గర శ్లాబుకు ఖాళీ ఉంటుంది, సిగ్నల్ అటునుంచి ఎక్కుతుంది. స్క్రూ బిగించే ముందు బేస్‌ను స్టూలు మీద పెట్టి, హ్యాండ్‌సెట్‌తో మాట్లాడుతూ గదులన్నీ తిరిగి చూసుకోవాలి.

ఎండ సంగతి మన ఊరికి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ఫోన్లు 40 డిగ్రీల లోపు వాడమని తయారీదారులు రాస్తారు. మే నెలలో కర్నూలులో బయట అది దాటడం కొత్తేమీ కాదు. పడమటి కిటికీ అరుగు మీద బేస్ ఉంటే లోపలి వేడి ఇంకా ఎక్కువ. ఆ వేడిలో నికెల్ సెల్లులు సరిగా చార్జి కావు, వాటి ఆయుష్షూ తగ్గుతుంది. వేసవిలో "చార్జి నిలవడం లేదు" అనే ఫిర్యాదుకు సగం జవాబు నీడలోని గోడ.

మిగతా సగం జవాబు సెల్లుల ఎంపికలో ఉంది. ఇందులో వేయాల్సినవి ట్రిపుల్-ఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జి సెల్లులు, ఒక్కొక్కటి 1.2 వోల్టులు, 550 నుంచి 800 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే చార్జి కొలత). టీవీ రిమోట్‌లో వేసే మామూలు సెల్లులు అసలు వేయకూడదు. బేస్ వాటినీ చార్జి చేయబోతుంది, అవి కారిపోతాయి, కొన్నిసార్లు పగులుతాయి. అంగట్లో ఇదే సైజు మీద 1500, 2000 అని అచ్చేసి అమ్మేవి కూడా ఉంటాయి. ఆ సన్నటి గొట్టంలో అంత చార్జి పట్టే చోటే లేదు, తీసుకోకండి. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే పాతది ముందే ఖాళీ అయి, కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. కొత్త సెల్లులు వేశాక కూడా నిలవకపోతే, బేస్ మీదా హ్యాండ్‌సెట్ అడుగునా ఉన్న చిన్న లోహపు పలకలను పొడి గుడ్డతో గట్టిగా తుడవండి. దుమ్ము, చేతి జిడ్డు చేరి అక్కడ కరెంటు అందదు.

కరెంటు విషయంలో ఈ ఫోన్‌కు పెద్ద బలహీనత ఉంది, దాచడానికి లేదు. పాత రాగి లైన్‌లో మామూలు ఫోన్ కరెంటు పోయినా మోగేది, దానికి కావాల్సిన విద్యుత్తు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఇప్పుడు మోడెం, బేస్ రెండూ ఇంటి కరెంటు మీదే బతకాలి. ఏ ఒక్కటి ఆగినా 108 కూడా తగలదు. రెండింటినీ ఇన్వర్టర్ లైన్ ఉన్న స్విచ్‌బోర్డుకే ఇవ్వండి. ఇన్వర్టర్ మారే క్షణంలో కొన్ని మోడెంలు ఆగి మళ్లీ మొదలవుతాయి. నంబరు తిరిగి ఎక్కేదాకా రెండు మూడు నిమిషాలు ఫోన్ మూగగా ఉంటుంది, కంగారు పడకండి. ఇన్వర్టర్ లేనివాళ్లు మోడెంకు 12 వోల్టుల మినీ యూపీఎస్ (కరెంటు పోయినా మోడెంను నడిపే చిన్న బ్యాటరీ పెట్టె) కొంటారు, మంచిదే. కానీ ఆ 12 వోల్టుల పిన్ను బేస్‌కు పట్టినంత మాత్రాన దానికి తగిలించకండి. బేస్ అడాప్టర్ దాదాపు సగం వోల్టులదే ఉంటుంది, లేబుల్ చూడండి. 12 ఇస్తే లోపల కాలిపోతుంది, దానికి వారంటీ ఇవ్వరు. రెండు అడాప్టర్ల మీదా స్కెచ్ పెన్‌తో "మోడెం", "ఫోన్" అని ఇప్పుడే రాసిపెట్టండి. మినీ యూపీఎస్ ఒక్కటే ఉన్న ఇంట్లో మోడెం ఫోన్ రంధ్రానికి, ఒక లైన్‌ను రెండు ఫోన్లకు పంచే టూ-వే సాకెట్ పెట్టి మామూలు వైరు ఫోన్ కూడా పక్కనే తగిలించి ఉంచండి. దానికి వేరే కరెంటు అక్కర్లేదు, మోడెం బతికి ఉంటే చాలు.

డయల్ చేయడంలో తప్పకుండా చిక్కుకునే చోటు ఒకటుంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి, మొత్తం 11 అంకెలు. ఫోన్‌బుక్‌లో సెల్ నంబర్లన్నీ సున్నాతోనే ఎక్కించండి. కాలర్ లిస్టులో సెల్ నంబరు పది అంకెలుగా వస్తే, అక్కడి నుంచి నేరుగా తిరిగి చేసినా తగలదు. ముందు ఎడిట్ నొక్కి సున్నా చేర్చాలి. ఊళ్లో ల్యాండ్‌లైన్‌కు మాత్రం ఆరంకెలే చాలు. అనంతపురానికి 08554, కడపకు 08562 ముందు పెట్టాలి. కాలర్ ఐడీ కనపడలేదని అనేవాళ్లు ఇంకొకటి గమనించాలి. చాలా లైన్లలో నంబరు మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య వస్తుంది. మొదటి రింగులోనే ఎత్తితే అది వచ్చే సందే ఉండదు.

మాట్లాడేటప్పుడు అవతలివాళ్లకు వాళ్ల గొంతే తిరిగి వినపడుతోందంటే హ్యాండ్‌సెట్ శబ్దాన్ని ఒక మెట్టు తగ్గించి చూడండి. చెవి దగ్గరి శబ్దం మైకులోకి జారడం వల్ల అలా అవుతుంది. స్పీకర్ మోడ్‌లో ఇది ఇంకా ఎక్కువ. ఫోన్ ఎక్కడో దిండు కింద పోతే బేస్ మీది లొకేటర్ మీట నొక్కితే మోగుతుంది, పెద్దవాళ్లున్న ఇంట్లో బాగా పనికొస్తుంది. రెండో హ్యాండ్‌సెట్ చేర్చాలంటే అదే కంపెనీ, అదే తరగతి మోడల్ కావాలి. పానసోనిక్ డిజిటల్ మోడళ్లలో చాలావాటికి పద్ధతి ఇది: హ్యాండ్‌సెట్‌లో మెనూ నొక్కి, హ్యాష్ 130 కొట్టి, ఓకే ఇచ్చి, వెంటనే బేస్ లొకేటర్ మీటను ఐదు సెకన్లు నొక్కి పట్టాలి. పిన్ అడిగితే 0000. ఇంతకుముందు ఎవరైనా పిన్ మార్చి ఉంటే మాత్రం అది గుర్తుండాలి, సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది అడిగి కొనండి.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే ఫోన్ల గురించి గట్టిగా చెప్పాల్సిందే. డెక్ట్ 6.0 అని రాసి ఉన్న ఫోన్లు 1920-1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. మన దేశంలో అది సెల్‌ఫోన్ల పట్టీ. అలాంటి ఫోన్ ఇక్కడ వాడటం చట్టవిరుద్ధం, దగ్గరి టవరుకు వెళ్లే సిగ్నల్‌కూ అడ్డం. పైగా వాటిలో కొన్నింటి అడాప్టర్లు 120 వోల్టులకే చేసినవి, మన 230లో పెట్టగానే పొగ వస్తుంది. ఎంత ఖరీదైనదైనా, ఎంత ప్రేమతో తెచ్చినా, వాడకండి. యాంటెనా కడ్డీ పైకి లాగే పాత అనలాగ్ ఫోన్లు కూడా ఇప్పుడు వద్దు, వాటిలో మాటలు దగ్గరి ఇళ్లవాళ్లకు వినపడే వీలుంది.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుముల వాన వస్తుంటే బేస్, మోడెం అడాప్టర్లు రెండింటినీ సాకెట్ నుంచి పీకేయండి. ఇంకా రాగి లైన్ ఉన్నవాళ్లు లైన్ వైరు కూడా తీయాలి, పిడుగు దెబ్బ ఆ తీగ వెంటే లోపలికి వస్తుంది. ఫైబర్ తీగలో ఆ భయం లేదు గానీ కరెంటు వైపు నుంచి వచ్చే దెబ్బకు బేస్, మోడెం రెండూ పోతాయి. వాన వెలిశాక మోడెంకు ముందు కరెంటు ఇచ్చి, దాని ఫోన్ లైటు వెలిగాక బేస్ తగిలించి, హ్యాండ్‌సెట్ ఎత్తి టోన్ వినండి.