మూర్ మార్కెట్‌లో దొరికిన ‘ది యానిమల్స్ ఫిల్మ్’ రికార్డు

పోయిన ఆదివారం చెన్నై సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్‌కి ఘంటసాల ఎల్పీల కోసం వెళ్లి, జంతుహింస మీద తీసిన ఒక డాక్యుమెంటరీకి రాబర్ట్ వ్యాట్ చేసిన సంగీతం రికార్డు పట్టుకుని ఇంటికొచ్చాను. షాపాయన మనవాడే, నెల్లూరు వైపు. "మూడేళ్లుగా ఇక్కడే పడుంది సార్, ఒక్కరు కూడా అడగలా" అని తొమ్మిది వందలు చెప్పి ఏడు వందలకి ఇచ్చేశాడు. కవరు అంచులు పురుగు కొట్టేసింది. మొదటి వైపు ఒక గీత ఉంది, కాసేపు టిక్కు టిక్కు మంటుంది. అయినా ఆ డబ్బుకి నాకు దొరికింది చాలా ఎక్కువ.

వ్యాట్ ఇంగ్లండ్ ఆయన, ఒకప్పుడు సాఫ్ట్ మెషీన్ అనే రాక్ బ్యాండులో డ్రమ్మర్. 1973లో ఒక పార్టీలో నాలుగో అంతస్తు కిటికీలోంచి పడి నడుము కింద చచ్చుబడిపోయింది, అప్పట్నుంచీ వీల్‌చెయిరే. కాళ్లతో వాయించే డ్రమ్ములు పోయాయి, చేతులకి అందే కీబోర్డులు మిగిలాయి. ఈ రికార్డు నిండా ఆ చేతులే వినిపిస్తాయి. 1982లో రఫ్ ట్రేడ్ కంపెనీ విడుదల చేసింది. అదే ఏడాది ఆయన పాడిన ‘షిప్‌బిల్డింగ్’ పాటకి బాగా పేరొచ్చింది, దాని పక్కన ఇది ఎవరికీ కనబడలేదని నాకనిపిస్తుంది.

పాటలుంటాయని కొనకండి, దాదాపు అంతా వాయిద్యమే. సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద ఒక చిన్న వరస మొదలవుతుంది, అదే మళ్లీ, అదే మళ్లీ, మన చెవి దానికి అలవాటు పడిందనుకునే సమయానికి పక్కన ఇంకో స్వరం వచ్చి కూర్చుంటుంది, దానికీ దీనికీ పొత్తు కుదరదు, అయినా రెండూ ఆగవు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏంటండీ ఇది, ఐసీయూలో మెషిన్ పక్కన కూర్చున్నట్టుంది" అంది. సరిగ్గా అదే మాట. జంతువుల బాధ అనగానే వయొలిన్ పెట్టి ఏడిపిస్తారు కదా, ఇక్కడ అది లేదు. ఏడ్చేస్తే మనసు తేలికపడిపోతుంది, ఈయన ఆ అవకాశం మనకివ్వడు. ఈ సంగీతంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

సినిమా తర్వాత చూశాను, రెండు రాత్రులు పట్టింది. 136 నిమిషాలు. విక్టర్ షోన్‌ఫెల్డ్, మిరియమ్ అలో తీశారు, వ్యాఖ్యానం బ్రిటిష్ నటి జూలీ క్రిస్టీది (ఆమె పుట్టింది మన అస్సాంలోనే, టీ తోటలో). కోళ్ల ఫారాలు, పందుల షెడ్లు, ల్యాబులు, సైన్యం చేసిన ప్రయోగాలు, దేన్నీ దాచలేదు. 1982 నవంబర్‌లో బ్రిటన్‌లో ఛానల్ ఫోర్ టీవీ మొదలైన మొదటి వారంలోనే దీన్ని వేశారు, కొన్ని దృశ్యాలు కత్తిరించి. ల్యాబుల భాగం చూస్తున్నప్పుడు నాకు మన కోతులే గుర్తొచ్చాయి. ఏళ్ల తరబడి వేల కోతుల్ని అమెరికాకి పంపాం, అక్కడ వాటి మీద రేడియేషన్ ప్రయోగాలు చేస్తున్నారని బయటపడ్డాక 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. అంతకుముందే 1950ల్లో, కళాక్షేత్ర నాట్య పాఠశాల పెట్టిన రుక్మిణీదేవి గారు రాజ్యసభలో జంతుహింసకి వ్యతిరేకంగా బిల్లు పెట్టారు, 1960లో చట్టం రావడానికి మొదలు అదే. నేను తిరువాన్మియూర్‌లో కళాక్షేత్ర గేటు ముందు నుంచే రోజూ బస్సెక్కుతాను, ఆ సంగతి ఈ రికార్డు కొన్నాకే తెలుసుకున్నాను. సిగ్గేసింది.

లోపాలు లేవని కాదు. సినిమా చూడకుండా వింటే రెండో వైపు మధ్యలో కాస్త సాగదీసినట్టుంటుంది, బొమ్మ కోసం వాయించిన ముక్క బొమ్మ లేకుండా నిలబడలేదు. పని చేసుకుంటూ వినేది కూడా కాదు, నేను ఒకసారి బట్టలు మడతపెడుతూ వేసి సగంలో ఆపేశాను. రాత్రి పిల్లలు పడుకున్నాక, హెడ్‌ఫోన్స్‌తో, మొత్తం ఒకేసారి వినండి. ఈ వారంలో ఐదుసార్లు విన్నాను. సినిమా మాత్రం రెండోసారి చూడలేను.

మూర్ మార్కెట్‌కి వెళ్తే ఎండ ఉండగానే వెళ్లండి, లోపల లైట్లు చాలవు. రికార్డుని బయటికి తెచ్చి కాస్త ఏటవాలుగా పట్టుకుని చూస్తే గీతలు తెలిసిపోతాయి. వ్యాట్‌వి ఇంకేమైనా వస్తే పక్కన పెట్టమని షాపాయనకి నా నంబరిచ్చి వచ్చాను.