సీ భాషల ఇఫ్‌డెఫ్: ఏండ్ల సంది వాడుతున్నోని మాట

నల్లగొండల బోరు మోటర్లకు ఆటో స్టార్టర్ బోర్డులు చేసే చిన్న యూనిట్‌ల ఫర్మ్‌వేర్, అంటే చిప్‌ల నడిచే ప్రోగ్రాం, రాస్త, ఎక్కువ కొనేది బత్తాయి తోటల రైతులే, ఒకలకు సిమ్ ఉన్నది గావాలె, ఒకలకు ఉత్త టైమర్ చాలు, ఒకలది సింగిల్ ఫేజ్ ఇంకొకలది త్రీ ఫేజ్. కోడ్ మాత్రం అన్నిటికి ఒక్కటే, ఏ బోర్డుల ఏది ఉండాల్నో ఇఫ్‌డెఫ్‌తోని, అంటే ఫలానా పేరు డిఫైన్ చేసి ఉంటేనే ఈ ముక్క ఉంచు అని చెప్పే లైనుతోని, కంపైల్ టైంలనే తేలిపోతది.

మంచిది ముందుగాల చెప్త. ఏటీమెగా 328పీ చిప్‌ల కోడ్ ఉండే ఫ్లాష్ 32 కేబీ, ర్యామ్ 2 కేబీ, అంతే. సిమ్ లేని బోర్డు గూడ జీఎస్ఎం కోడ్ మోయాల్నంటే జాగ యాడికెల్లి వస్తది? కంపైల్‌కు ముందుగాల కోడ్‌ను సవరించే ప్రీప్రాసెసర్ ఆ ముక్కను కంపైలర్ దాకనే పోనియ్యదు, ఎస్ఎంఎస్ బఫర్‌కు ఒక్క బైట్ గూడ పోదు. ఈ సంగతిల వంక పెట్టేది లేదు.

తంటా అంత పేర్ల కాడనే. అన్ని ఫైళ్లు ఇన్‌క్లూడ్ చేసుకునే హెడర్ ఫైల్‌ల డ్రై_రన్ అని డిఫైన్ చేసి ఇంకో ఫైల్‌ల డ్రైరన్ అని ఇఫ్‌డెఫ్ రాసిన్రనుకోండ్రి, ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, బిల్డ్ సక్కగ అయితది, గానీ బోరుల నీళ్లు అయిపోయినప్పుడు మోటర్ బందు చేసే ముక్కే చిప్‌ల ఉండదు. ఎండకాలం పంట మీద ఉన్నప్పుడు మోటర్ కాలితే రీవైండింగ్ పైసలు పెట్టుకునేది రైతే గదా, అందుకే దీన్ని నేను చిన్న లోపం అనను. ఇఫ్‌డెఫ్ ఇడిసి ప్రీప్రాసెసర్‌దే ఉత్త హాష్ ఇఫ్ వాడుతున్న, ప్రతి ఫీచర్‌కు 0 గాని 1 గాని ఇచ్చి. ఇఫ్ గూడ తెల్వని పేరును 0 అనే అనుకుంటది, అయితే జీసీసీ కంపైలర్‌కు మైనస్ డబ్ల్యూఅన్‌డెఫ్ అనే ఆప్షన్ పెడితే వార్నింగ్ ఇస్తది, మైనస్ డబ్ల్యూఎర్రర్ గూడ జోడిస్తే బిల్డే ఆగుతది. హెడర్ ఇన్‌క్లూడ్ చేయకున్నా గిట్లనే దొరుకుతది.

సింగిల్ ఫేజ్, త్రీ ఫేజ్ రెండూ 1 పెడితే హాష్ ఎర్రర్ అనే లైనుతోని బిల్డ్‌ను ఆపుడు గూడ మంచి అలవాటు.

ఇంకోటి, ఆఫ్ ఉన్న కోడ్‌ను కంపైలర్ సూడనే సూడదు. ఫంక్షన్ పేరు మారిస్తే టైమర్ బోర్డు బిల్డ్ అయితది, ఆర్నెల్లకు సిమ్ బోర్డు చేద్దామంటే కుప్పలు కుప్పలు ఎర్రర్లు. మార్పు ఏది చేసినా అన్ని బోర్డుల బిల్డ్ నడిపియ్యాల్సిందే. ఫంక్షన్ల లోపట హాష్ ఇఫ్‌లు జొప్పించకుండ్రి, లినక్స్ కెర్నల్ కోడింగ్ స్టైల్ గూడ అదే చెప్తది, హెడర్‌ల ఖాళీ ఫంక్షన్ పెట్టి సీ ఫైల్‌ను సాఫుగ ఉంచాలె అని. అనుమానమొస్తే కంపైలర్‌కు మైనస్ ఈ ఆప్షన్ పెట్టి ప్రీప్రాసెసర్ తర్వాత ఏం మిగిలిందో కండ్లతోని సూస్కోండ్రి.

సీ భాష కొత్త స్టాండర్డ్ సీ23ల ఎలిఫ్‌డెఫ్, అంటే ఎల్స్, ఇఫ్‌డెఫ్ రెండూ కలిపిన లైను, వచ్చింది గానీ మా కాడున్న కంపైలర్ పాతది, నేనింక వాడలే.