సల్ఫరా, సల్ఫ్యూరిక్ యాసిడా: ఓడలో ఏది తెప్పించుకోవడం మేలు?

విశాఖ పోర్టులో సల్ఫర్, అంటే గంధకం ఓడ దించుతున్నారంటే ఓడ ఆగే బెర్తు దాకా వెళ్లి చూడక్కర్లేదు, కళ్లే చెబుతాయి. క్రేన్ గ్రాబ్ నోరు తెరిచి పసుపుపచ్చని గుళికల్ని హాపర్‌లో, అంటే గరాటులాంటి తొట్టిలో పోస్తుంటే లేచే దుమ్ము కనురెప్పల కింద చేరి మండుతుంది. ఇంటికెళ్లి తలస్నానం చేసినా ఆ మంట రాత్రి దాకా ఉంటుంది. యాసిడ్ ఓడ వస్తే ఆ హడావిడి ఏదీ ఉండదు. గొట్టం బిగిస్తారు, పంపు మొదలవుతుంది, నూనెలా చిక్కగా ఉండే ద్రవం పైపులో ట్యాంకుకి పోతుంది.

దిగుమతి సరుకుని కస్టమ్స్ నుంచి విడిపించే క్లియరింగ్ పనిలో ఉన్నాను కాబట్టి ఈ రెండు సరుకుల కాగితాలూ ఏళ్ల తరబడి నా చేతుల మీదుగా పోయాయి. సల్ఫ్యూరిక్ యాసిడ్ అవసరం ఉన్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: నేరుగా యాసిడే దిగుమతి చేసుకోవాలా, సల్ఫర్ తెప్పించి ఇక్కడ కాల్చి యాసిడ్ చేసుకోవాలా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆవిరితో పని ఉన్న ఫ్యాక్టరీకి సల్ఫర్ మేలు. ఆవిరితో పని లేని వాళ్లు సల్ఫర్ ఎంత చవగ్గా దొరికినా దాని జోలికి పోవద్దు. ధర సంగతి ఆ తర్వాత.

ఎందుకో చెప్పాలంటే చిన్న లెక్క వేయాలి. 32 కిలోల సల్ఫర్ కాలిస్తే 98 కిలోల యాసిడ్ వస్తుంది. అంటే టన్ను సల్ఫర్‌కి దాదాపు మూడు టన్నుల యాసిడ్. మిగతా రెండు టన్నులూ ఎక్కడివి? ఆక్సిజన్ గాలిలోంచి వస్తుంది, నీళ్లు మన దగ్గరే ఉంటాయి. యాసిడ్ ఓడ తెప్పించుకుంటే కిరాయిలో మూడింట రెండు వంతులు ఆ గాలికీ నీళ్లకీ కట్టినట్టే. పైగా సల్ఫర్‌ని మామూలు బల్క్ ఓడలోనే తేవచ్చు, లోపల గోడలకి సున్నం కొడితే చాలు. యాసిడ్‌కి ప్రత్యేకమైన కెమికల్ ట్యాంకర్ కావాలి. అలాంటి ఓడలు తక్కువ, కిరాయి ఎక్కువ.

అసలు లాభం కిరాయిలో కాదు, వేడిలో ఉంది. సల్ఫర్‌ని కరిగించి కొలిమిలోకి చిమ్మి కాలుస్తారు. వచ్చిన సల్ఫర్ డయాక్సైడ్‌ని వెనేడియం ఉత్ప్రేరకం మీదుగా పంపితే ట్రయాక్సైడ్ అవుతుంది. దాన్ని 98 శాతం యాసిడ్‌లోనే పీల్చుకునేలా చేసి, నీళ్లు కలుపుతూ కొత్త యాసిడ్ తీస్తారు. ఈ మూడు మెట్లలోనూ వేడి పుడుతుంది, మొదట సల్ఫర్ కరిగించడానికి తప్ప ఎక్కడా మనం వేడి ఇవ్వక్కర్లేదు. బాయిలర్లు పెట్టి ఆ వేడిని పట్టుకుంటే టన్ను యాసిడ్ తయారయ్యేసరికి టన్నుకు పైగా ఆవిరి చేతికొస్తుంది. దాంతో టర్బైన్ తిప్పి కరెంటు తీయొచ్చు. ఎరువుల ఫ్యాక్టరీ అయితే దానికి ఇంకా పెద్ద పని ఉంది. రాతి ఫాస్ఫేట్ నుంచి తీసిన ఫాస్ఫారిక్ యాసిడ్ మొదట పలచగా, P2O5 (ఫాస్ఫరస్ పెంటాక్సైడ్) లెక్కన 28 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని మరిగించి 54 శాతానికి చిక్కబరచాలి. ఆ మరగకాచే పనికి ఆవిరి ఎంతున్నా చాలదు. అంటే సల్ఫర్ కొన్నవాళ్లు ముడిసరుకుతో పాటు ఇంధనం కూడా కొన్నట్టు. యాసిడ్ కొన్నవాళ్లకి ఆ వేడి రాదు, అది తయారైన దేశంలోనే ఆగిపోయింది.

విశాఖలో ఎరువుల కంపెనీ కోరమాండల్ రోజుకి 1650 టన్నుల సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్లాంటును 400 కోట్ల రూపాయల ఖర్చుతో కట్టి 2023లో ప్రారంభించడం వెనుక ఉన్న లెక్క ఇదే. ఫాస్ఫారిక్ యాసిడ్‌లో టన్ను P2O5కి రెండున్నర టన్నులకు పైగా సల్ఫ్యూరిక్ యాసిడ్ పడుతుంది. అంత వాడకం ఉన్నచోట ప్రతి టన్నునీ కొరియా నుంచో జపాన్ నుంచో మోసుకురావడం దండగ.

అలాగని యాసిడ్ దిగుమతిని తీసిపారేయడానికి లేదు. అమ్మేవాళ్ల అవసరం చూస్తే ఆ సరుకు అప్పుడప్పుడు ఎందుకంత చవగ్గా వస్తుందో అర్థమవుతుంది. జపాన్, దక్షిణ కొరియాల్లో రాగి, జింకు కరిగించే స్మెల్టర్లున్నాయి. ఖనిజంలోని గంధకం పొగగా బయటికొస్తుంది. దాన్ని గాలిలోకి వదలకూడదు కాబట్టి యాసిడ్‌గా మారుస్తారు. వాళ్ల వ్యాపారం రాగి. యాసిడ్ ఒక తలనొప్పి. ట్యాంకులు నిండితే స్మెల్టర్ ఆపాల్సి వస్తుంది, అందుకే ఎంతొస్తే అంతకి వదిలించుకుంటారు. 2020లో ఈశాన్య ఆసియా రేవుల్లో ధర సున్నా కిందికి పోయింది. సరుకు తీసుకెళ్లేవాళ్లకే ఎదురు డబ్బిచ్చారన్నమాట. ఓడ కిరాయి మాత్రం కొన్నవాళ్లు కట్టుకోవాలి. అలాంటి రోజుల్లో సొంత ప్లాంటు ఉన్న కంపెనీ కూడా దాన్ని కాస్త తగ్గించి బయటి యాసిడ్ తీసుకుంటే తప్పేమీ లేదు.

తేడా ఎక్కడొస్తుందంటే, ఆ సరుకు మన అవసరాన్ని బట్టి రాదు, రాగి గిరాకీని బట్టి వస్తుంది. స్మెల్టర్ మరమ్మతులకి ఆగితే యాసిడ్ కూడా ఆగుతుంది. రాయిలోంచి రాగిని కడిగి తీయడానికి చిలీ గనులకి యాసిడ్ విపరీతంగా కావాలి. అక్కడ గిరాకీ లేస్తే ఓడలు అటు తిరుగుతాయి. మన దగ్గరే చూడండి. విశాఖ జింకు స్మెల్టర్ నడిచినన్నాళ్లు ఊళ్లోనే యాసిడ్ దొరికేది, 2012లో అది మూతపడింది. 2018 మే నెలలో తూత్తుకుడి రాగి స్మెల్టర్‌కి వ్యతిరేకంగా జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకి 13 మంది చనిపోయారు, ఆ వెంటనే ఫ్యాక్టరీని శాశ్వతంగా మూసేయమని ప్రభుత్వం ఆదేశించింది. ఆ ఊరివాళ్ల ప్రాణాలకీ గాలికీ ముందు యాసిడ్ ధర లెక్కలోకి రాదు. దక్షిణాదిన యాసిడ్ కొనేవాళ్లు మాత్రం ఆ ఏడాది నుంచి ఓడల వైపు చూడక తప్పలేదు.

సల్ఫర్ ధర కూడా నిలకడగా ఉండేది కాదు. ఇదీ ఉప ఉత్పత్తే, చమురు శుద్ధి చేసేచోట, గ్యాస్ శుద్ధి చేసేచోట మిగిలేది. అబుదాబి ఎడారిలోని షా గ్యాస్ క్షేత్రం నుంచి గుళికలుగా రైల్లో రువైస్ రేవుకి చేరి, అక్కడ ఓడెక్కుతుంది. రువైస్ హోర్ముజ్ జలసంధికి లోపలి వైపు ఉంది. ఆ ఇరుకు దారిలో గొడవ అన్న వార్త రాగానే ఇక్కడ కొనేవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. 2008లో టన్ను 800 డాలర్ల దాకా పోయి కొన్ని నెలల్లోనే వంద లోపుకి పడింది. 2022లోనూ ఏడాది మధ్యలో 500 దరిదాపుల్లో ఉండి, చూస్తుండగానే కూలింది. శిఖరం మీద సరుకు కొని గోదాములో పెట్టుకున్నవాళ్ల గతి ఏమిటో ఊహించుకోండి.

ధరలు పోల్చేటప్పుడు ఒక పద్ధతి పాటించండి. సల్ఫర్ మన రేవు ధరని మూడుతో భాగించి, దానికి ప్లాంటు నడిపే ఖర్చు కలిపి, ఆవిరి విలువ తీసేయండి. వచ్చిన అంకెని యాసిడ్ రేవు ధరతో పోల్చండి. ఉదాహరణకి సల్ఫర్ 150 డాలర్లు అనుకుంటే టన్ను యాసిడ్‌లో సల్ఫర్ వాటా 50. దిగుమతి యాసిడ్ దానికి పోటీ రావడం కష్టం. సల్ఫర్ 450 అయితే ఆ వాటా 150. అప్పుడు 100 డాలర్లకి యాసిడ్ దొరికితే ఆవిరి లాభం కూడా ఆ తేడాని పూడ్చలేకపోవచ్చు. ఆవిరి విలువ లెక్కలో వేయకుండా పోల్చే వాళ్లని చాలామందిని చూశాను. సొంత ప్లాంటు పెట్టొద్దని వాళ్లు చెప్పే లెక్కలన్నీ అక్కడే తప్పుతాయి.

నిల్వ దగ్గర నా ఓటు సల్ఫర్‌కే. ఒకసారి ఒక పార్టీ చవగ్గా వస్తోందని యాసిడ్ వరసగా రెండు ఓడలు బుక్ చేసింది. అక్టోబరులో వాయుగుండం పట్టింది. వానలకి ట్యాంకర్ లారీలు కదల్లేదు, మొదటి ఓడ సరుకు ట్యాంకులోనే ఉండిపోయింది. రెండో ఓడ వచ్చి బయట లంగరేసింది. దించడానికి ట్యాంకులో చోటు లేదు, వేరే ట్యాంకు అద్దెకి దొరకలేదు. ఓడని ఆపి ఉంచినందుకు కట్టే జరిమానా, డెమరేజ్ మీటరు రోజురోజుకీ తిరుగుతూనే ఉంది. ఆఖరికి చవగ్గా కొన్నదంతా ఓడవాళ్లకే పోయింది. ఆ వారమంతా ఫోన్లు ఎత్తింది నేనే, అందుకే మర్చిపోలేను. సల్ఫర్ అయితే ఇంకో కుప్ప పోసి టార్పాలిన్ కప్పేవాళ్లం.

ఆ కుప్పకీ కాపలా కావాలి. తడిస్తే మెల్లగా ఆమ్లం ఊరి గ్రాబులనీ పారలనీ తినేస్తుంది, ఆ నీళ్లు కాలువలోకి పోకుండా సున్నంతో విరచాలి. నిప్పంటుకుంటే నీలిమంట, పగటి వెలుతురులో కనిపించదు. ముందు ఘాటు పొగ తెలుస్తుంది. యాసిడ్ ట్యాంకులో ప్రమాదం వేరేగా ఉంటుంది. 98 శాతం యాసిడ్ మామూలు స్టీలుని పెద్దగా ఏమీ చేయదు, తేమ చేరి పలచబడిందా, స్టీలుని తిని హైడ్రోజన్ పుట్టిస్తుంది. విశాఖ ఉక్కపోతలో ట్యాంకు గాలి గొట్టానికి తేమ పీల్చే ఏర్పాటు లేకపోతే కష్టమే.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. కస్టమ్స్ సుంకాల పట్టికలో సల్ఫర్ 2503 శీర్షిక కింద, యాసిడ్ 2807 కింద వస్తాయి. కొరియాతో 2010 నుంచి, జపాన్‌తో 2011 నుంచి, యూఏఈతో 2022 నుంచి వాణిజ్య ఒప్పందాలు నడుస్తున్నాయి. సుంకం రాయితీ అడగాలంటే సరుకు ఆ దేశంలోనే పుట్టిందన్న సర్టిఫికెట్ సరిగ్గా ఉండాలి. 2020 నిబంధనలు వచ్చాక, ఆ వివరాలు దిగుమతిదారు దగ్గర కూడా ఉండాలని కస్టమ్స్‌వాళ్లు గట్టిగా అడుగుతున్నారు. ఓడ బయల్దేరకముందే నకలు తెప్పించుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి.

ఇక చిన్న వాడకందార్లు. నీళ్ల శుద్ధికి పటిక తయారుచేసే ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, షిప్పు యాసిడ్ బాగా చవగ్గా ఉందట, నలుగురం కలిసి తెప్పించుకుందామా?" అన్నాడు. నెలకి ఎంత వాడతావని అడిగితే మూడు, నాలుగు ట్యాంకర్ లారీలన్నాడు. యాసిడ్ ఓడలో వచ్చేది వేల టన్నులు. నలుగురు కాదు, నలభైమంది కలిసినా దాచడానికి ట్యాంకు ఎవరిదో ముందు తేలాలి. రేవు దగ్గర ట్యాంకులున్న పెద్ద వర్తకుల దగ్గర లారీ లెక్కన కొనుక్కోమన్నాను. సల్ఫర్ మాట అసలు ఎత్తనే లేదు.

"మరి సరుకు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. ప్రతి లారీ నుంచీ గాజు సీసాలో నమూనా తీయించమన్నాను. సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ముంచితే 1.84 దగ్గర ఆగాలి, వెలుతురుకి పెట్టి చూస్తే మడ్డిగా ఉండకూడదు, ఇనుము ఎంతుందో ల్యాబ్ కాగితం అడగాలి. పటికలో ఇనుము ఎక్కువైతే రంగు మారుతుందని అతనికి నాకంటే బాగా తెలుసు. ఇప్పుడు లారీ రాగానే ముందు సీసా కడుగుతున్నాడట.