మా బడికి వచ్చిన సముద్ర జీవుల ప్రోగ్రామ్: పిలవండి, కానీ కీచైన్లు వద్దని ముందే చెప్పండి

దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మొన్న నవంబర్‌లో ఒక సంస్థ వాళ్లు వచ్చి మా ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సముద్ర జీవుల మీద ఒక పూట ప్రోగ్రామ్ చేసి వెళ్లారు. పిల్లకు అరవై రూపాయలు తీసుకున్నారు, కట్టలేని పిల్లలవి టీచర్లమే తలా కొంత వేసుకున్నాం. చుట్టుపక్కల బడుల నుంచి ముగ్గురు టీచర్లు ఫోన్ చేసి ఎట్లా ఉంది, పిలవొచ్చా అని అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాను. సంస్థ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఒక విషయంలో వాళ్లను గట్టిగా తప్పు పట్టాల్సి ఉంది, దాని మీద ఇంకా మాట్లాడుతున్నాం.

ముందు మా పిల్లల సంగతి చెప్పాలి. తొంభై మందిలో సముద్రం చూసినవాళ్లు నలుగురే. సముద్రం ఎక్కడుంటుందంటే సగం మంది సాగర్ అంటారు, నాగార్జునసాగర్. పేరులోనే సాగరం ఉంది, గేట్లు ఎత్తినప్పుడు అమ్మానాన్నలతో వెళ్లి ఆ నీళ్ల హోరు చూసి వచ్చిన పిల్లకు అంతకంటే పెద్ద నీళ్లు ఇంకెక్కడో ఉన్నాయంటే నమ్మకం ఎట్లా కలుగుతుంది? తిమింగలం చేప కాదు, క్షీరదం అని పుస్తకంలో ఉంటే బట్టీ పట్టి రాసేస్తారు, మార్కు వస్తుంది, మరుసటి వారం మరిచిపోతారు. అందుకే వస్తువులు తెచ్చి చేతికిస్తారని తెలియగానే హెడ్ మాస్టర్ గారి వెంట పడి మరీ ఒప్పించాను.

పదింటికి రావాల్సినవాళ్లు పదకొండున్నరకు వచ్చారు. రాగానే టేబుళ్ల దగ్గరికి తీసుకెళ్లకుండా నలభై నిమిషాలు స్లైడ్లు వేశారు, అక్షరాలన్నీ ఇంగ్లీషులో, బొమ్మలన్నీ ఎక్కడో విదేశాల పగడపు దిబ్బలవి. వెనక బెంచీల పిల్లలు అప్పటికే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఈ భాగం గురించి ఇంతకంటే రాయడానికేం లేదు, మీరు పిలిస్తే స్లైడ్లు తీసేయమని చెప్పండి.

అసలు ప్రోగ్రామ్ ఆ తర్వాత మొదలైంది. వరండాలో నాలుగు బల్లలు వేసి గవ్వలు, శంఖాలు, ఎండిన సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే సముద్ర జీవి) పెంకులు, సీసాలో ఆక్టోపస్, తాబేలు బొమ్మ పెట్టారు. వచ్చిన ముగ్గురిలో ఒక అమ్మాయి శ్రీకాకుళం వైపు ఆమె, మాట తీరులోనే తెలుస్తుంది, "ఇదేటో చెప్పండర్రా" అంటూ పిల్లల మధ్యలోకి వచ్చి కూర్చుంది. ఆమె చేతిలో అరచేయంత తెల్లటి ముక్క ఉంది, పడవలాగా కోలగా, సుద్దలాగా తేలికగా. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు వెంటనే, "అక్కా, గిది సముద్రపు నురుగు. మా తాత చెవుల పోస్తందుకు మూలికల దుకాణం నుంచి తెస్తడు" అన్నాడు. ఆమె కాదనలేదు. అవును, దాన్నే అట్లా అంటారు, కానీ ఇది నురుగు కాదు, కటిల్ ఫిష్ అనే జంతువు ఒంట్లో ఉండే పెంకు అని చెప్పి, గోటితో గీకమని వాడి చేతిలోనే పెట్టింది. తెల్లటి పొడి రాలింది. విరిగిన అంచును భూతద్దం కింద పెడితే పొరమీద పొర, పొరల మధ్య సన్నటి ఖాళీ గదులు. ఆ గదుల్లో కొంత గాలి, కొంత నీరు ఉంటుందట, నీటిని పెంచుకుంటే జంతువు కిందికి దిగుతుంది, తగ్గించుకుంటే తేలుతుంది. బకెట్లో వేస్తే ముక్క టక్కున పైకి తేలింది. ఇన్నాళ్లూ వాళ్ల ఇంటి అలమరలో ఉన్న మందు ఒక జంతువు ఒంట్లోదని తెలిసినప్పుడు ఆ పిల్లాడి మొహం చూడాల్సింది, దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు ఎవరికీ ఇవ్వలేదు.

రెండో బల్ల దగ్గర గవ్వలు. గవ్వలంటే మా పిల్లలకు అష్టాచెమ్మా ఆడేవే, లోపల ఒక ప్రాణి బతికిందని ఎవరికీ తట్టలేదు. గవ్వ అంత నున్నగా ఎందుకుంటుందంటే ఆ ప్రాణి తన మెత్తటి చర్మపు మడతను బయటికి చాపి పెంకు మొత్తం కప్పుకుంటుంది కాబట్టి, రాళ్లకు రాసుకుని గరుకెక్కదు. ఇది వింటూనే తండా నుంచి వచ్చే ఏడో తరగతి అమ్మాయి, క్లాసులో నోరు విప్పని పిల్ల, "మా దాది ఫేటియాకు ఉన్నయి గివి, శానా" అంది. మరుసటి రోజు వాళ్ల దాది, అంటే నాయనమ్మ, పాత ఫేటియా (లంబాడీ ఆడవాళ్లు కట్టే లంగా) అంచు ముక్క తెచ్చింది, అద్దాల పక్కన వరసగా కుట్టిన గవ్వలు, కొన్నింటికి వెనక భాగం అరగదీసి ఉంది. సముద్రం ఎరగని తండాకు సముద్రం ఎన్ని తరాల కింద వచ్చిందో అని నాకు ఒళ్లు జలదరించింది.

ఆక్టోపస్‌కు మూడు గుండెలని చెప్పగానే ఒకడు, "అయితే ఒకటి ఆగితే ఇంకోటి పనిచేస్తదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. రెండు గుండెలు మొప్పలకు రక్తం పంపుతాయి, మూడోది మిగతా ఒంటికి పంపుతుంది, ఒకదాని పని ఇంకోటి చేయదు అని ఆ శ్రీకాకుళం అమ్మాయి ఓపిగ్గా బొమ్మ గీసి చూపించింది. మన రక్తంలో ఇనుము ఉన్నట్టు దాని రక్తంలో రాగి ఉంటుంది, అందుకే నీలం రంగు.

గ్రౌండ్‌లో 30 మీటర్ల తాడు పరిచి నీలి తిమింగలం అంత పొడవు పెరుగుతుందని చెప్పి పిల్లల్ని దాని పొడుగునా నిలబెట్టారు, మా బడి బిల్డింగ్ కంటే ఎక్కువే వచ్చింది. తర్వాత లీటరు నీళ్లలో 35 గ్రాముల ఉప్పు తూచి కలిపి వేలి చివర చుక్క నాకమన్నారు, సముద్రపు నీళ్లలో ఉప్పు సుమారుగా అంతే. నీళ్లలో కంటికి కనిపించనిది కలిసి ఉంటుందని నల్లగొండ పిల్లలకు వేరే చెప్పాలా, ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకరపోయిన పెద్దవాళ్లను ఇళ్లలో చూస్తూ పెరిగినవాళ్లు. కానీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు, తర్వాత నేనే క్లాసులో ఎత్తాను.

తాబేళ్ల ఆట కూడా బాగుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన కోస్తా తీరానికే వచ్చి ఇసుక తవ్వి వంద దాకా గుడ్లు పెడతాయి, పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి వెలుతురు ఉన్న వైపు పాకుతాయి, ఆ వెలుతురు సముద్రం మీదిదైతే బతుకుతాయి, రోడ్డు లైట్లదైతే దారి తప్పుతాయి. కిటికీలు మూసి గది చీకటి చేసి, ఒక మూల టార్చి పెట్టి, పిల్లల్ని పాకించారు. సగం మంది టార్చి వైపే పోయారు! ఇసుక వేడి ఎక్కువైతే ఆడ పిల్లలు ఎక్కువ పుడతాయని చెప్తే ఆడపిల్లలందరూ చప్పట్లు కొట్టారు. మగవి తగ్గిపోతే తర్వాత గుడ్లు ఎక్కడివని నేను అడిగాక గది నిశ్శబ్దమైంది.

ఇప్పుడు తప్పు సంగతి. అంతా అయ్యాక గేటు దగ్గర చిన్న బల్ల వేసి కీచైన్లు అమ్మారు, ఒక్కోటి యాభై. ప్లాస్టిక్ బిళ్లలో రూపాయి బిళ్లంత నక్షత్ర చేప. అంతకు అరగంట ముందే అదే సంస్థ మనిషి నక్షత్ర చేపను పట్టుకుని చూపిస్తూ, దీనికి మెదడు లేదు, రక్తం లేదు, అడుగున ఉన్న వందల గొట్టం కాళ్లతోనే నడుస్తుంది, వాటితో ఊపిరి కూడా తీసుకుంటుంది, నీళ్లలోంచి తీసి బయట పెడితే ఊపిరాడక చనిపోతుంది అని చెప్పాడు. కీచైన్ చేతిలోకి తీసుకుని ఒక పాప నన్ను అడిగింది, "మేడమ్, గిది సచ్చినంక దీంట్ల పెట్టినరా, పెట్టినంక సచ్చిందా?" నా దగ్గర జవాబు లేదు. అమ్మే మనిషిని అడిగితే సముద్రపు గుర్రాలు, పగడాల లాగా ఇది చట్టం నిషేధించిన జాబితాలో లేదు మేడమ్ అన్నాడు. నేనడిగింది చట్టం గురించి కాదు. పదమూడు మంది పిల్లలు అప్పటికే కొన్నారు, వాళ్లను ఏమీ అనలేకపోయాను, డబ్బులు వెనక్కి ఇప్పించమంటే ఇప్పించలేదు.

ఇంకొకటి కూడా వాళ్లు దిద్దుకోవాలి. ప్లాస్టిక్ కవర్ జెల్లీ ఫిష్ అనుకుని తాబేలు తింటుందని చెప్పారు, నీళ్ల బకెట్లో కవర్ వేసి చూపించారు కూడా, అచ్చం అట్లాగే ఊగింది. కానీ ఆ కవర్ సముద్రంలోకి ఎట్లా పోతుందో చెప్పలేదు, పిల్లలకేమో అది సముద్రం ఒడ్డున ఉండేవాళ్ల తప్పులాగా వినిపించింది. మరుసటి రోజు నేను బోర్డు మీద మ్యాప్ గీశాను: మన డిండి వాగు కృష్ణలో కలుస్తుంది, కృష్ణ సాగర్ దాటి వాడపల్లి దగ్గర మూసీని కలుపుకుంటుంది, అక్కడి నుంచి విజయవాడ మీదుగా హంసలదీవి దగ్గర సముద్రంలోకి పోతుంది. "అయితే మన వాగుల పడేసిన కవర్ కూడా అటే పోతదా" అని వాళ్లే అన్నారు. ఆ ఒక్క మ్యాప్ వాళ్ల పెట్టెలో ఉంటే చాలు, స్లైడ్లు ఒక్కటీ అక్కర్లేదు.

పిలవాలనుకునేవాళ్లకు: బ్యాచ్‌కు ముప్పై మంది దాటనివ్వకండి, మాకు నలభై అయిదు చేశారు, చివరి వాళ్లకు భూతద్దం అందలేదు. ఫార్మలిన్ (జీవులు కుళ్లకుండా ఉంచే విష రసాయనం) సీసాల దగ్గర ఒక టీచర్ నిలబడాలి, మూత తీయబోయిన పిల్లాణ్ని నేనే ఆపాను. శ్రీకాకుళం అమ్మాయినే పంపమని అడగండి. నా లెక్కన అయిదుకు మూడున్నర, కీచైన్లు లేకపోతే నాలుగున్నర ఇచ్చేదాన్ని.

సంస్థకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. స్లైడ్లు తగ్గిస్తాం, మ్యాప్ పెడతాం అన్నారు, అమ్మకం గురించి ఆలోచించి చెప్తామన్నారు. ఆరో తరగతికి సంక్రాంతి తర్వాత తేదీ అడిగాను, గేటు దగ్గర అమ్మకం బల్ల వేయబోమని రాసిస్తేనే ఖాయం చేస్తానని చెప్పాను. ఇంకా రాసివ్వలేదు.