పర్యావరణ అర్థశాస్త్రం ఎలా చెబితే మేలు: బోర్డు మీదా, ఊళ్లోనా, చింతగింజలతోనా?

పర్యావరణ, సహజ వనరుల అర్థశాస్త్రం చెప్పే లెక్చరర్లు ఏ నలుగురు కలిసినా ఈ చర్చ వస్తుంది. బోర్డు మీద గ్రాఫులు గీసి సిద్ధాంతం చెప్పాలని కొందరంటారు. పిల్లల్ని ఊళ్లకు తీసుకెళ్లి రైతులతో మాట్లాడించాలని కొందరు. క్లాసులోనే ఆట ఆడించాలని ఈమధ్య మరికొందరు. మూడూ మంచివే అనేసి ఊరుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. సెమిస్టర్‌లో ఉండే గంటలు కొన్నే, ఏది ముందు, దేనికి ఎంత సమయం అనేది తేల్చుకోవాలి.

తేల్చడానికి ఒక ప్రశ్న పెట్టుకుందాం. సెమిస్టర్ అయ్యాక మన విద్యార్థి ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలగాలి: మన మెట్ట ప్రాంతాల్లో బోర్లు ఎందుకు ఎండుతున్నాయి, ఆపాలంటే ఎవరు ఎంత వదులుకోవాలి? బోరు గురించి తెలియని తెలుగు క్లాసు ఉండదు. రిగ్గు వచ్చిన రోజు ఇంట్లో ఉండే టెన్షన్, పాయింట్ తప్పి బోరు ఫెయిలైతే మిగిలే అప్పు, పక్క చేలో ఇంకా లోతుకు వేస్తే మన బోరులో రెండించుల నీళ్లు ఒక ఇంచుకు పడిపోవడం చాలామంది దగ్గరగా చూసినవే.

దీని వెనక ధర కథ ఒకటి ఉంది. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల చొప్పున ఒకే రేటు పెట్టింది. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయిన రోజే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలూ ఉచితం. అంటే చాలా ఏళ్లుగా ఇంకో గంట మోటారు నడిపినందుకు రైతు జేబులోంచి పోయేది సున్నా. ఊరి నీటిలోంచి పోయేది మాత్రం సున్నా కాదు. కాలువ నీళ్లు లేని రైతు ఎకరానికి పెట్టే ఖర్చు చూస్తే ఉచిత విద్యుత్ ఎందుకు వచ్చిందో కూడా అర్థమవుతుంది. రైతును తప్పుపట్టకుండా ఈ రెండు విషయాల్నీ కలిపి ఆలోచించడం విద్యార్థికి నేర్పాలి. దానికి ఏ పద్ధతి మేలు?

బోర్డు

బోర్డు బలం తక్కువేమీ కాదు. ఒకరి పని వల్ల ఇంకొకరికి జరిగే నష్టాన్ని పన్నుగా ధరలో కలపాలని ఆర్థికవేత్త పిగూ 1920లోనే చెప్పారు. తవ్వేకొద్దీ తరిగిపోయే వనరు ధర కాలంతో పాటు ఎలా పెరగాలో హోటెలింగ్ 1931లో లెక్క కట్టారు. హక్కులు స్పష్టంగా ఉండి, బేరానికి ఖర్చు లేకపోతే ఇరుపక్షాలూ మాట్లాడుకునే తేల్చుకోగలవని కోస్ 1960లో వాదించారు. వీటిని వరసగా, తక్కువ సమయంలో చెప్పాలంటే బోర్డును మించింది లేదు. లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్షలైన నెట్, సెట్‌లకూ ఇదే దారి.

కొన్ని విషయాలు బోర్డు మీద తప్ప ఇంకెక్కడా రావు. రేపటి డబ్బును ఈ రోజు విలువలోకి తగ్గించి చూసే డిస్కౌంట్ రేటు అలాంటిది. నూరేళ్ల తర్వాత జరగబోయే కోటి రూపాయల నష్టాన్ని తప్పించడానికి ఈ రోజు ఎంత ఖర్చు పెట్టవచ్చు? 2006లో వాతావరణ మార్పుల మీద నివేదిక ఇచ్చిన నికోలస్ స్టెర్న్ వాడిన 1.4 శాతం రేటు తీసుకుంటే దాదాపు 25 లక్షలు. ఆర్థికవేత్త నార్ధౌస్ లాంటివారు అంతకన్నా చాలా ఎక్కువ రేటు వాడారు. 4.5 శాతం అనుకుంటే లక్షా 23 వేలు. నష్టం అదే, కాలం అదే, మారింది రేటు ఒక్కటే. మనవళ్ల తరం మన లెక్కలో ఎంత బరువు తూగుతుందో ఆ ఒక్క అంకె తేల్చేస్తుంది. దీన్ని చూడడానికి ఏ ఊరికీ వెళ్లలేం, నూరేళ్లు ఆగనూ లేం. ఈ లెక్క వేయించినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం కోసమైనా బోర్డును వదులుకోకూడదు.

కానీ బోరుబావి ప్రశ్నకు వచ్చేసరికి బోర్డు ఒక్కటే చాలదు. గ్రాఫులో పన్ను గీత పైకి జరపడం తేలిక. పిల్లలు దాన్ని చక్కగా గీసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ పన్ను కట్టేది ఎవరు, కట్టమంటే ఏమవుతుంది అని అడిగితే ఆగిపోతారు. మోటార్లకు మీటర్లు అన్న మాట వినిపించగానే ఊళ్లలో ఎందుకంత భయం పుడుతుందో ఆ గీతలో కనిపించదు.

ఊరు

ఊరికి వెళ్తే అది కనిపిస్తుంది. అయితే నేను చూసినంతలో చాలా ఫీల్డ్ ట్రిప్పులు వృథా అవుతున్నాయి. ఒక బస్సు, నలభై మంది పిల్లలు, పొడవాటి ప్రశ్నాపత్రం, మధ్యాహ్నం భోజనం, గ్రూపు ఫొటో. రైతు పని మానుకుని జవాబులు చెబుతాడు. పిల్లలు “నీటి సమస్య తీవ్రంగా ఉంది” అని రాసుకొస్తారు. ఆ ఒక్క వాక్యం కోసం రైతు పూట పాడుచేయడం నాకు చాలా బాధగా ఉంటుంది. సిద్ధాంతం తెలియకుండా వెళ్తే జాలి మిగులుతుంది తప్ప ప్రశ్న పుట్టదు.

సరైన ప్రశ్నతో వెళ్తే మాత్రం ఊరు నేర్పేది ఇంకెవరూ నేర్పలేరు. 2000ల దశకంలో నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ద్వారా, ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతుల భూగర్భజల ప్రాజెక్టు ఒకటి నడిచింది. అందులో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాసుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, అందరూ అనుకుంటున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క కట్టారు. ఈ పంట వేయొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, జరిమానాలు పెట్టలేదు. అయినా చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు. పన్ను లేదు, నీటి హక్కుల్ని కొనుక్కుని అమ్ముకునే బజారు లేదు, ఉన్నది సమాచారం మాత్రమే. పాఠ్యపుస్తకం చదివిన విద్యార్థికి ఇది ఎదురు ప్రశ్న కావాలి: సమాచారం ఒక్కటే ఇంత పని చేస్తే ధర పాత్ర ఎంత? మరి పక్క ఊళ్లో అది పని చేయకపోతే ఎందుకు?

ఆట

నా ఓటు దీనికే, అందుకే దీని మీద ఎక్కువ రాస్తున్నాను. గిన్నెలో 50 చింతగింజలు వేయండి. అవి ఊరి కింద ఉన్న నీళ్లు. ఐదుగురు విద్యార్థులు ఐదుగురు రైతులు. ప్రతి ఏడాదీ ఒక్కొక్కరు చీటీ మీద రహస్యంగా పంట రాయాలి. ఆరుతడి వేరుశనగకు 1 గింజ, లాభం 2 రూపాయలు. వరికి 3 గింజలు, లాభం 5 రూపాయలు. ఏడాది చివర వానకు 5 గింజలు గిన్నెలో వేస్తాం. అందరికీ కావలసినన్ని గింజలు లేకపోతే ఆట అక్కడితో ఆఖరు. గరిష్ఠంగా పదేళ్లు.

మొదటిసారి మాట్లాడుకోనివ్వకూడదు. అలా ఆడినప్పుడు గింజలు త్వరగా అయిపోవడమే ఎక్కువగా చూస్తాం. అందరూ వరి వేస్తే ఏడాదికి 15 పోయి 5 వస్తాయి, అంటే 10 తరుగు. నాలుగేళ్లకే గిన్నెలో 10 మిగులుతాయి, ఐదో ఏడు 15 కావాలి, ఆట ముగుస్తుంది. తలా 20 రూపాయలు. ఉమ్మడి వనరు గురించి గారెట్ హార్డిన్ 1968లో భయపడింది ఇదే. వెంటనే ఒకరు, అందరం వేరుశనగే వేస్తే సరిపోతుంది కదా అంటారు. లెక్క వేయించండి. పదేళ్లూ అందరూ వేరుశనగ వేసినా తలా 20 రూపాయలే. గిన్నెలో 50 గింజలూ అలాగే ఉంటాయి.

ఇప్పుడు మాట్లాడుకోనివ్వండి. కాసేపటికి ఎవరో ఒకరు వంతుల ఆలోచన తెస్తారు. ఏటా ఇద్దరు వరి, ముగ్గురు వేరుశనగ. ఏడాదికి 9 గింజలు పోయి 5 వస్తాయి. పదేళ్లకు గిన్నెలో 10 మిగులుతాయి. ఒక్కొక్కరికి నాలుగేళ్లు వరి, ఆరేళ్లు వేరుశనగ, మొత్తం 32 రూపాయలు. ఊళ్లు ఇలా తమ నియమాలు తామే పెట్టుకుని ఉమ్మడి వనరుల్ని కాపాడుకోగలవని చూపినందుకే ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇక పిగూను పిలవండి. వేరుశనగ బదులు వరి వేస్తే 2 గింజలు ఎక్కువ వాడి 3 రూపాయలు ఎక్కువ సంపాదిస్తారు. కాబట్టి గింజకు రూపాయిన్నర కంటే తక్కువ పన్ను వేస్తే అందరూ వరే వేస్తారు. అంతకంటే ఎక్కువ వేస్తే ఒక్కరూ వేయరు. వసూలైన పన్ను మొత్తం తిరిగి పంచినా తలా 20 దగ్గరే ఆగుతారు, 32 రాదు. రైతులందరూ ఒకేలా ఉన్నారని అనుకోవడం వల్ల ఇలా జరుగుతుందని, నేలలూ ఖర్చులూ వేరైతే పన్ను పెరిగేకొద్దీ ఒక్కొక్కరే వరి మానతారని అక్కడే చెప్పవచ్చు. తర్వాత కోస్. ఒక్కొక్కరికి పదేళ్లకు 18 గింజల హక్కు ఇచ్చి, కావాలంటే అమ్ముకోమనండి. 18 గింజలంటే సరిగ్గా నాలుగు వరి, ఆరు వేరుశనగ. మళ్లీ 32. ఇలాంటి హక్కుల బజారు మన దేశంలోనూ ఉంది. సూరత్‌లో 2019లో ఫ్యాక్టరీ పొగలోని ధూళికి పెట్టారు, అందులో చేరిన ఫ్యాక్టరీల కాలుష్యం 20 నుంచి 30 శాతం తగ్గిందని తేలింది.

ఇలాంటి ఆటనే ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే స్వచ్ఛంద సంస్థ, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ (ఇఫ్‌ప్రి) పరిశోధకులు కలిసి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో నిజం రైతులతో ఆడించారు. ఆడిన ఊళ్లలో తర్వాత నీటి లెక్కల పుస్తకాలు, నియమాలు ఎక్కువగా కనిపించాయని రాశారు. ఊరికి పనికొచ్చినది మన క్లాసుకు చిన్నతనం అనుకోనక్కర్లేదు.

ఆటకు లోపం లేదా అంటే ఉంది. అందులో నీళ్లు కంటికి కనిపిస్తాయి, రాతినేల కింద కనిపించవు. ఆటలో అందరి బోరూ ఒకే లోతు, ఊళ్లో అలా కాదు. వాతావరణ మార్పు, అడవుల విలువ కట్టడం లాంటివి గిన్నెలో పట్టవు.

నా వరస

ఆట ముందు, బోర్డు తర్వాత, ఊరు చివర. ఆట మొదటి వారంలోనే అయిపోవాలి. ఆ తర్వాత వచ్చే ప్రతి గ్రాఫుకూ పిల్లల దగ్గర సొంత అంకెలుంటాయి. ఎక్కువ గంటలు బోర్డుకే ఇవ్వాలి, అందులో సందేహం లేదు. ఊరికి నలభై మంది బస్సు వద్దు. ఐదారుగురు చొప్పున, తమ సొంత ఊళ్లకే, సెలవుల్లో, ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లాలి: ఈ ఊళ్లో బోరు ముందుగా ఎవరిది ఎండింది, తర్వాత వాళ్లేం చేశారు?

ఆ ప్రశ్నకు సిద్ధం చేయడానికి ఆటను ఒకసారి మార్చి ఆడించండి. గిన్నెలో గింజలు 25 కంటే తగ్గితే ఐదో రైతు బోరు ఎండుతుంది అని చెప్పండి. మనం మెచ్చుకున్న వంతుల పద్ధతిలోనే ఏడో ఏడు ముగిసేసరికి గింజలు 22 అవుతాయి. చివరి మూడేళ్లు ఐదో రైతుకు పంట లేదు. మిగతా నలుగురిలో ఏటా ఇద్దరు వరి, ఇద్దరు వేరుశనగ వేస్తూ సాగితే పదేళ్లకు ఊరి మొత్తం లాభం 154 రూపాయలు. పదేళ్లూ గింజలు 25 కంటే తగ్గకుండా అతని బోరు కాపాడితే 136. అంటే నలుగురూ నీళ్లు తోడుకుని అతనికి పరిహారం ఇచ్చినా ఊరికి లాభమే అని అర్థశాస్త్రం చెబుతుంది. అప్పుడు ఆ నలుగురిని, ఎంత ఇస్తారో, ఏ ఏడాది ఇస్తారో చీటీ మీద రాయమనండి.